పిట్టూ నుంచి పరుగు సంచి దాకా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "సుబేదార్ సాబ్, మీరు ఈ వయసులో కొండలమ్మట పరుగెడతారట గదా, దాని గురించి ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. పరుగు గురించి ఈ సభలో నేను చెప్పేదేముంది? బి.పి.ఈ.టి.లో 5 కిలోమీటర్లు రైఫిల్ పట్టుకుని పరుగెత్తినవాళ్ళే సగంమంది ఉన్నారిక్కడ. అందుకని నేను పరుగు గురించి కాకుండా, పరుగెత్తేటప్పుడు వీపు మీదుండే సంచి గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, మీ ఇష్టం" అన్నారు. కాబట్టి ఇది విసుగనిపిస్తే తప్పు నాదే.

నేను 1984లో గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్లో రిక్రూటుగా చేరాను. మొదటి వారంలోనే పిట్టూ చేతికిచ్చారు. ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో, దుప్పటి ఎలా చుట్టాలో, ఏ పట్టీ ఎంత బిగించాలో ఉస్తాద్ చూపించాడు. తప్పు చేస్తే పిట్టూ పరేడ్. అది ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. 2010లో రిటైరయ్యేదాకా 26 ఏళ్ళు రకరకాల సంచులు మోశాను. మైదానంలో మోశాను, ఇసుకలో మోశాను, మంచులో మోశాను. కానీ ఆ 26 ఏళ్ళలో "నీకు ఏ సంచి కావాలి? అందులో ఏం పెట్టుకుంటావు?" అని నన్ను ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా, ఫౌజు అలా నడవదు. అయితే దానివల్ల ఏమయిందంటే, నా అంతట నేను సంచి ఎంచుకోవాల్సిన రోజు వచ్చేసరికి నాకేమీ తెలియదు. తెలుసుననుకున్నాను. అదే ప్రమాదం.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. రోడ్డు మీద కాకుండా కొండదారుల్లో, అడవిబాటల్లో పరుగెత్తడాన్ని ట్రైల్ రన్నింగ్ అంటున్నారు. మన పూణెలో కాత్రజ్ పాత సొరంగం మీద నుంచి సింహగడ్ వరకు ఒకదాని తర్వాత ఒకటిగా గుట్టలెక్కి దిగే దారి ఉంది చూడండి, సుమారు 15, 16 కిలోమీటర్లు, అలాంటివన్నమాట. దానికే రాత్రి బస కలిపితే ఫాస్ట్‌ప్యాకింగ్. ఎక్కుడులో వేగంగా నడవడం, చదునులోనూ దిగుడులోనూ పరుగెత్తడం, చీకటి పడితే ఎక్కడో పడుకుని తెల్లారి మళ్ళీ బయల్దేరడం. ట్రెక్కింగుకు నాలుగు రోజులు పట్టే దారిని రెండు రోజుల్లో దాటేస్తారు. దాటగలగడం, దాటలేకపోవడం చాలావరకు సంచి మీద ఆధారపడి ఉంటుంది.

నా మొదటి పాఠం 2013 నవంబరులో జరిగింది. డార్జిలింగ్ పైన సింగలీలా కొండల వరుస ఉంది. మానేభంజ్యాంగ్ నుంచి సందక్‌ఫూ దాకా సుమారు 31 కిలోమీటర్ల ఎక్కుడు. సందక్‌ఫూ ఎత్తు 3,636 మీటర్లు. అక్కడి నుంచి కాంచన్‌జంగా ఎదురుగా కనిపిస్తుంది. మరో 21 కిలోమీటర్లు కొండ శిఖరం వెంట పోతే ఫాలూట్. దారి కాసేపు మన దేశంలో, కాసేపు నేపాల్లో నడుస్తుంది. సుక్నాలో ఉన్న రోజుల్లో ఆ కొండల్ని కింద నుంచి చూసినవాణ్ణి, పైకెక్కే అవకాశం రాలేదు. సరే, రిటైరయ్యాం గదా అని నేనూ మా బావమరిదీ బయల్దేరాం. వాడు ఎయిర్‌ఫోర్స్. లోహెగావ్‌లో పనిచేసి ఇక్కడే స్థిరపడ్డాడు. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళకి మోయడం ఏం తెలుసు అని నేను వాణ్ణి చాలాసార్లు వేళాకోళం చేశాను. ఆ మాటలన్నీ ఈరోజు వాపసు తీసుకుంటున్నాను, వాడు మూడో వరసలో కూర్చున్నాడు.

నా సంచి 55 లీటర్లది. నిండా సర్దితే పదమూడున్నర కిలోలు తూగింది. వాడిది 25 లీటర్లు, నీళ్ళతో సహా ఆరు కిలోలు. నేషనల్ పార్కులోకి గైడు తప్పనిసరి కాబట్టి మానేభంజ్యాంగ్‌లో ఒక కుర్రాణ్ణి ఇచ్చారు. అతను నా సంచిని ఒకసారి లేపి చూసి, ఏమీ అనకుండా కింద పెట్టాడు. "ఎన్ని రోజులుంటారు?" అని మాత్రం అడిగాడు.

ఎక్కేటప్పుడు బాగానే ఉంది. ఎక్కుడులో బరువు మన ఊపిరిని తింటుంది, అంతే. అసలు సంగతి దిగేటప్పుడు తెలుస్తుంది. పరుగులో ఒక్కో అడుగు నేలకు తగిలినప్పుడు శరీర బరువుకు రెండు మూడింతల తాకిడి కాలి మీద పడుతుంది. వీపు మీద ఉన్నది కూడా అందులో కలుస్తుంది. పైగా సంచి అటూ ఇటూ ఊగితే, మనం ఎడమకు అడుగు వేసేటప్పుడు అది కుడికి లాగుతుంది. మూడోరోజు ఫాలూట్ నుంచి గోర్ఖే వైపు దిగుతుండగా, ఒక మలుపులో సంచి పక్కకు తిరిగింది. దానితోపాటు నేనూ తిరిగాను. పాదం మాత్రం రాయి మీదే ఉండిపోయింది. మోకాల్లో చిటుక్కుమన్న శబ్దం నాకే వినిపించింది.

ఆ మిగిలిన దారంతా మా బావమరిది తన సంచి ముందూ, నా సంచి వెనకా వేసుకుని దిగాడు. నేను రెండు కర్రల మీద దిగాను. దారిలో వాడు ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. అన్నా బావుండేది. ఫౌజులో నా సంచి ఇంకొకరు మోసిన రోజు ఒక్కటే ఉంది, జ్వరంతో పోస్టు నుంచి దిగినప్పుడు. ఇది రెండోది, దీనికి జ్వరం లేదు, శత్రువు లేడు, నా తెలివి తప్ప కారణం ఏదీ లేదు.

నెలవంక ఆకారంలో మోకాల్లో మెత్తటి ఎముక ఉంటుంది, అది చీలిందన్నారు. ఎనిమిది నెలలు పరుగు లేదు. ఆ ఖాళీలో ఒకరోజు ఆ సంచిని హాల్లో బోర్లించి, వంటింటి కాటా తెచ్చి ఒక్కొక్కటే తూచాను. మా ఆవిడ పక్కన కూర్చుని కాగితం మీద రాసింది. ఆ మూడు రోజుల్లో అసలు బయటికి తీయని వస్తువులు ఎంత తూగాయో తెలుసా? ఆరు కిలోల పైచిలుకు. రెండో జత బూట్లు. నాలుగు జతల బట్టలు. స్టీలు మెస్ టిన్ను. పెద్ద టార్చి, దానికి విడిగా సెల్సు. బూటు పాలిష్. అవునండీ, పాలిష్ డబ్బా, బ్రష్షుతో సహా! "ఇది ఎవరు చూస్తారని?" అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

అమెరికన్ సైనిక చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్ 1950లో సైనికుడి వీపు బరువు మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. 1944లో నార్మండీ తీరంలో దిగిన సైనికులు మోసిన బరువే వాళ్ళను ఎలా కుంగదీసిందో అందులో ఉంది. ఎక్కడో కూర్చున్న వాళ్ళు "ఇది అవసరం పడవచ్చు, అదీ అవసరం పడవచ్చు" అనుకుంటూ ఒక్కొక్కటే చేరుస్తూ పోతారని, మోసేవాడి ఓపికకు మాత్రం లెక్క వేయరని ఆయన బాధ. నా విషయంలో ఆ ఎక్కడో కూర్చున్నవాణ్ణీ నేనే, మోసినవాణ్ణీ నేనే.

ఇక్కడ ఒకరు లేచి అడగవచ్చు, మరి నేపాలీ కూలీలు అంతంత బరువులు మోస్తారే అని. నిజమే. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో నామ్చే బజార్ దారిలో మగ కూలీల బరువులు తూచారు. సగటున తమ శరీర బరువులో 93 శాతం మోస్తున్నారు. నుదుటి మీద పట్టీ వేసుకుని, వెనక డోకో బుట్టతో. కానీ వాళ్ళు పరుగెత్తరు. నెమ్మదిగా నాలుగడుగులు వేసి, చేతికర్ర బుట్ట కింద ఆనించి నిలబడి, ఊపిరి తీసుకుని మళ్ళీ కదులుతారు. మన ఊళ్ళల్లో కావడి మోసేవాళ్ళను చూసే ఉంటారు. అది ఇంకో పద్ధతి. వెదురుబద్ద అడుగుకీ అడుగుకీ మధ్య వంగి లేస్తుంది, దానికి తగ్గట్టే మనిషి చిన్న పరుగులాంటి నడక నడుస్తాడు. బరువు ఎంత అన్నది ఒక్కటే కాదు, ఏ నడకకు ఏ మోత అన్నది చూసుకోవాలి. మనం ఎంచుకున్నది పరుగు. పరుగులో సంచి ఊగకూడదు, ఎగరకూడదు. చొక్కాలాగా ఒంటికి అంటి ఉండాలి.

అందుకే పరుగు సంచులు చొక్కాలాగే కుడతారు. ముందువైపు రెండు వెడల్పాటి పట్టీలు, వాటి మీదే నీళ్ళ సీసాల జేబులు, ఛాతీ మీద రెండు అడ్డ పట్టీలు. సీసాలు ముందుంటే బరువు కొంత ముందుకూ వస్తుంది, నడుం వంచి ఉండనక్కర్లేదు. 5 నుంచి 8 లీటర్లది పూటపరుగుకి చాలు. 12 లీటర్లు రోజంతటికీ. రాత్రి బస ఉంటే 20 నుంచి 30 మధ్య. అంతకంటే పెద్దది కొంటే నింపుతారు. నింపకుండా ఉండగలిగిన ఫౌజీని నేనింకా చూడలేదు.

నేను చేసిన రెండో తప్పు దీనికి సరిగ్గా వ్యతిరేకం. మోకాలు బాగయ్యాక తేలిక సంచుల పిచ్చి పట్టింది. టూత్‌బ్రష్ పిడి కోసుకునే దాకా వెళ్ళాను. 2016 ఏప్రిల్లో మళ్ళీ సింగలీలాకే పోయాం, ఈసారి నా వీపు మీద 12 లీటర్ల చొక్కా సంచి. లోపల పట్టలేదని వెచ్చటి జాకెట్టును చుట్టి బయట రబ్బరు తాళ్ళకు కట్టాను. మా బావమరిది "బావా, అది లోపల పెట్టవయ్యా" అన్నాడు. "మొన్న ఎక్కువన్నావు, ఇప్పుడు తక్కువంటావా?" అన్నాను.

కాలాపోఖరీ దాటాక మధ్యాహ్నం వడగళ్ళు మొదలయ్యాయి. అరగంటలో చలివాన. జాకెట్టు నీళ్ళు పీల్చుకుని తడిగుడ్డ ముద్దయింది. నా వాన కోటు పలచటిది, నడుం పైదాకానే. ఎక్కినంతసేపూ ఒళ్ళు వెచ్చగానే ఉంది, గైడు చెప్పులు సర్దుకోవడానికి రెండు నిమిషాలు ఆగాం, అంతే, వణుకు పట్టుకుంది. సంచిలో పొడి చొక్కా ఒకటుందని గుర్తొచ్చి తీద్దామంటే, ఛాతీ మీది బకిల్ చిన్నది, గోరంత. వేళ్ళు మొద్దుబారి ఎంత నొక్కినా ఊడిరాలేదు. నోటితో ఏదో చెప్పబోతే మాట తడబడింది. అప్పుడు మావాడు భయపడ్డాడు. వాడే నా పట్టీలు ఊడదీసి, తడి చొక్కా విప్పించి, తన సంచిలో ప్లాస్టిక్ కవరులో దాచిన పొడి జాకెట్టు తొడిగాడు. గైడు కుర్రాడు చేతులు పట్టుకుని రుద్దుతూ నడిపించాడు. సందక్‌ఫూ లాడ్జిలో పొయ్యి దగ్గర కూర్చోబెడితే, గ్లాసు చేత్తో పట్టుకోవడానికే చాలాసేపు పట్టింది. మంచుప్రాంతంలో కుర్రాళ్ళకు చలిదెబ్బ గురించి క్లాసులు తీసుకున్నవాణ్ణి నేను. ఆ మధ్యాహ్నం ఒంటరిగా ఉండి ఉంటే ఈరోజు మీ ముందు ఉండేవాణ్ణి కాదేమో.

కాబట్టి తేలిక అన్నది పందెం కాదు. అసలు చెప్పాలంటే సంచి ఆఖర్న కొనాలి. అందరూ ముందు సంచి కొని, తర్వాత అందులోకి వస్తువులు వెతుకుతారు. నేను రెండుసార్లూ అదే చేశాను. ముందు వెళ్ళే చోటు, నెల, రాత్రి చలి చూసుకోండి. బస లాడ్జిలోనా, బయటా? సింగలీలాలో లాడ్జీలున్నాయి, రజాయిలిస్తారు, టెంటు అక్కర్లేదు. బయట పడుకోవాలంటే లెక్క వేరు. ఏం కావాలో కాగితం మీద రాసి, ఒక్కొక్కటీ తూచి, అన్నిటినీ ఒక అట్టపెట్టెలో సర్దండి. ఆ పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. ఆ సైజు సంచి కొనండి.

ఇప్పుడు నాది 25 లీటర్లది, ఉత్తి సంచి 700 గ్రాములు. చలికాలం ఒక రాత్రికి నేను మోసేది ఇంతే: పక్షి ఈకల స్లీపింగ్ బ్యాగు 750, వెచ్చటి జాకెట్టు 350, మోకాళ్ళ దాకా వచ్చే వాన కోటు 250, పొడి బట్టలు ఒక జత 300, తలకు కట్టుకునే లైటు 90, ఫోను చార్జరు వగైరా 300, మందులూ కట్టూ చిల్లర కలిపి 200. మూడు కిలోలకు కాస్త తక్కువ. దాని మీద లీటరున్నర నీళ్ళు, ముప్పావు కిలో తిండి. మొత్తం ఐదు కిలోల చిల్లర. ఈ బరువుతో నేను ఇంకా పరుగెత్తగలను. ఏడు దాటితే నడకే, పరుగు అని పేరు మాత్రమే.

తిండి మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. రంగురంగుల కాగితాల్లో ఎనర్జీ బార్లు అమ్ముతారు. నేను సున్నుండలు తీసుకెళ్తాను. నెయ్యి గ్రాముకు 9 కేలరీలు, పిండికీ బెల్లానికీ నాలుగేసి. అదే బరువులో ఎక్కువ శక్తి. చలికి గట్టిపడతాయి, అందుకని చిన్న చిన్నవి చుట్టమంటాను. ఉప్పు కోసం పల్లీలు.

దుకాణంలో చూడాల్సినవి చెప్పి ముగిస్తాను. తల వంచితే మెడ మొదట్లో ఒక ఎముక బుడిపెలా తగులుతుంది. అక్కడి నుంచి తుంటి ఎముకల పైఅంచుకు సరితూగే చోటిదాకా టేపుతో కొలిపించుకోండి. అది మీ వీపు పొడవు. ఆరడుగుల మనిషికి పొట్టి వీపు ఉండవచ్చు, మనిషి ఎత్తును చూసి సంచి ఇచ్చే సేల్స్‌మన్ మాట నమ్మకండి. చొక్కా తరహా సంచులకు ఛాతీ చుట్టుకొలత కూడా కావాలి. ఇంటి నుంచి ఐదు కిలోల సామాను పట్టుకెళ్ళి, అందులో నింపి, దుకాణంలోనే ఎగిరి చూడండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. మెట్లుంటే దిగి చూడండి. మెడ మీద, చంకల దగ్గర ఎక్కడ రాసుకుంటుందో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. అక్కడ ఐదు నిమిషాల రాపిడి కొండ మీద ఐదు గంటల పుండు. ఆడవాళ్ళకు పట్టీల వంపు వేరేగా ఉండే సంచులొస్తున్నాయి, మగవాళ్ళది చిన్న సైజు ఇచ్చి సరిపెట్టుకోమంటే ఒప్పుకోకండి.

పక్కల లాగి బిగించే తాడు ఉండాలి. తిండి, నీళ్ళు అయిపోతున్నకొద్దీ సంచి వదులవుతుంది, వదులైతే ఊగుతుంది. బకిల్స్ చలిగ్లవ్స్ వేసుకుని పెట్టడం, తీయడం చేసి చూడండి. ఇది మాత్రం మర్చిపోకండి. వాటర్‌ప్రూఫ్ అని ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా కుట్ల దగ్గర కారుతుంది, లోపల ఒక దళసరి ప్లాస్టిక్ సంచి పెట్టి అందులో పొడి బట్టలు, స్లీపింగ్ బ్యాగు పెట్టండి. దాని ఖరీదు పది రూపాయలు, నా ప్రాణం విలువ అప్పట్లో అంతే. నీళ్ళ రబ్బరు తిత్తి వాడేవాళ్ళు మూత పెట్టాక తిరగేసి గాలి పీల్చేయండి, లేకపోతే అడుగడుక్కీ కుండలో నీళ్ళలా చప్పుడు. తేలిక సంచులకు వెనక రేకూ, ఊచలూ ఉండవు. పడుకునే ఫోము పరుపును మడిచి వీపు వైపు పెడితే అదే గట్టిదనం ఇస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా కొత్త సంచితో తిన్నగా హిమాలయాలకు వెళ్ళొద్దు. కాత్రజ్ నుంచి సింహగడ్ దాకా ఒకసారి నింపిన సంచితో రండి. దారిలో నీళ్ళు దొరకవు కాబట్టి మోసే నీళ్ళ లెక్క కూడా అక్కడే తేలుతుంది. నేనూ మావాడూ నెలకోసారి ఆదివారం తెల్లవారుజామున పోతుంటాం, వచ్చేవాళ్ళు పేరివ్వండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నడకకు రావచ్చు, మేమేం తొందరపెట్టం.

నా సంచి ఈ బల్ల కిందే ఉంది. స్ప్రింగు కాటా కూడా తెచ్చాను. భోజనాల తర్వాత ఎవరైనా తమ బ్యాగు తూచుకోవాలంటే తీసుకురండి. పోయినసారి ఇలాగే ఒక కల్నల్‌గారి ఆఫీసు బ్యాగు తూచితే ఆరు కిలోలొచ్చింది. సున్నుండలు పక్క జేబులో ఉండాలి, కానీ మా బావమరిది పొద్దున్న ఆ సంచి మోసుకొచ్చాడు, ఇంకా ఉన్నాయో లేదో చెప్పలేను. సెలవు. జై హింద్.